కొల్లేటి చేపలు, కొల్లేటి నీరు: శాస్త్రీయ అధ్యయనాలు తెలిపే విషయాలు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ గల కొల్లేరు సరస్సుపై గత ఏడు దశాబ్దాలుగా జీవశాస్త్ర, రసాయనశాస్త్ర, భూశాస్త్ర పరిశోధకులు పలు అధ్యయనాలు జరిపారు. వీటన్నింటినీ కలిపి పరిశీలించినపుడు ఒక ముఖ్య విషయం స్పష్టమవుతుంది. కొల్లేరు ప్రాంతంలో చేపల దిగుబడి వేరు, కొల్లేటిలో చేపల సంతతి వేరు. మొదటిది చెరువు గట్ల లోపల, కొని తెచ్చిన చేపపిల్లతోను, మేతతోను సాధించే ఉత్పత్తి. రెండవది సరస్సు నీటిలో సహజంగా పుట్టి పెరిగే జీవసంపద. మొదటిది పెరిగినంత మాత్రాన రెండవది క్షేమంగా ఉన్నదని భావించరాదు. ఈ రెండింటినీ ఒకే లెక్కగా చూపినపుడు సరస్సు స్థితిగతులపై తప్పుడు అభిప్రాయం ఏర్పడుతుంది. దాని ప్రభావం వేట మీద ఆధారపడిన మత్స్యకార కుటుంబాలపైన, ఆ చేపలను తినే ప్రజల ఆరోగ్యంపైన పడుతుంది. పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఈ అంశానికి సంబంధించిన వివరాలు దిగువ పొందుపరచడమైనది.

సరస్సు స్వరూపం

కొల్లేరు దేశంలోని పెద్ద మంచినీటి సరస్సులలో ఒకటి. కృష్ణా, గోదావరి నదులు తెచ్చిన ఒండ్రుతో రెండు డెల్టాలు ముందుకు పెరగగా, వాటి మధ్య మిగిలిపోయిన పల్లపు ప్రాంతమే ఈ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి వాగులు, అనేక మురుగు కాలువలు ఇందులో కలుస్తాయి. సరస్సు నుంచి సముద్రానికి నీరు పోయే మార్గం ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు ప్రవహించి అది బంగాళాఖాతంలో కలుస్తుంది.

కొల్లేరు విస్తీర్ణం నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తు కాంటూరు వద్ద విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల కాంటూరు వద్ద సుమారు 308 చదరపు కిలోమీటర్లు, 3 అడుగుల కాంటూరు వద్ద సుమారు 135 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. కావున కొల్లేరు విస్తీర్ణాన్ని పేర్కొనే ప్రతి సందర్భంలోను అది ఏ కాంటూరుకు సంబంధించినదో తెలపడం అవసరం. వర్షకాలంలో వచ్చే వరదను తనలో ఇముడ్చుకొని నెమ్మదిగా సముద్రానికి వదలడం ఈ సరస్సు చేసే సహజమైన పని.

సరస్సు గర్భంలోని లంక గ్రామాలను బెడ్ గ్రామాలని, అంచున గల వాటిని బెల్టు గ్రామాలని వ్యవహరిస్తారు. బెడ్ గ్రామాలు 46, బెల్టు గ్రామాలు 76. పూర్వం ఈ ప్రాంతం పశ్చిమ గోదావరి, కృష్ణా జిల్లాలలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సరస్సులో అధిక భాగం ఏలూరు జిల్లా పరిధిలోకి వచ్చినది. పాత నివేదికలలోని జిల్లాల వారీ లెక్కలను నేటి లెక్కలతో పోల్చేటపుడు ఈ మార్పును గమనించవలసి ఉంటుంది.

డెల్టా సాగుతో వచ్చిన మార్పు

ధవళేశ్వరం వద్ద గోదావరిపై సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తయినది. బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తయినది. వీటితో రెండు డెల్టాలకు కాలువ నీరు అందినది. పొలాలకు పారిన నీటిలో మిగిలినది మురుగు కాలువల ద్వారా పల్లానికి చేరవలసిందే. ఆ పల్లం కొల్లేరు. అంతకు పూర్వం ప్రధానంగా వాగుల వరద నీటితో నిండే సరస్సుకు, సాగునీటి వ్యవస్థ ఏర్పడిన తరువాత వరిచేల నుంచి వచ్చే మురుగునీరు కూడా తోడైనది. రసాయనిక ఎరువులు, పురుగుమందుల వాడకం పెరిగిన కొలదీ ఆ నీటి స్వభావం మారినది. సరస్సుకు ఎగువన గల పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థ జలాలు కూడా ఇదే మార్గంలో చేరుతూ వచ్చినవి.

1960 దశకంలో డెల్టా ముంపు సమస్యను పరిశీలించిన మిత్రా కమిటీ ప్రధానంగా మురుగు పారుదల, వరద నివారణ అంశాలపై దృష్టి సారించినది. ఆ కాలంలో కొల్లేరును నీటిపారుదల సమస్యగానే ఎక్కువగా చూసేవారు. నీటి నాణ్యతను, జీవసంపదను ఒకే అంశంగా కలిపి చూడటం తరువాతి దశాబ్దాలలో బలపడినది.

సహజ మత్స్యసంపద

కొల్లేటి వృక్ష, జంతు, మత్స్య సంపదపై 1950 దశకం తొలినాళ్ళలో మద్రాసు మత్స్యశాఖకు చెందిన పి.ఐ. చాకో, ఆయన సహచరులు సర్వే జరిపారు. సరస్సులో చేపల చెరువులు విస్తరించక పూర్వపు స్థితిని తెలుసుకొనడానికి అటువంటి తొలినాటి అధ్యయనాలే ఆధారం.

కొల్లేరులో సహజంగా లభించే చేపలను నీటితో వాటికి గల సంబంధాన్ని బట్టి మూడు వర్గాలుగా చెప్పుకొనవచ్చు.

మొదటి వర్గం కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక వంటివి. వీటికి మొప్పలతో పాటు గాలిని నేరుగా పీల్చుకొనగల అదనపు అవయవం ఉంటుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినపుడు ఇవి పైకి వచ్చి గాలి పీల్చుకొని బ్రతుకుతాయి.

రెండవ వర్గం బొచ్చె, శీలావతి, పరిగెలు, వాలుగ, వివిధ రకాల జెల్లలు. ఇవి నీటిలో కరిగిన ప్రాణవాయువుపైనే ఆధారపడతాయి. వీటిలో అనేకం తొలకరి వరదకు లోతు తక్కువ గల అంచు ప్రాంతాలకు, వాగుల ముఖద్వారాలకు ఎదురెక్కి గ్రుడ్లు పెడతాయి.

మూడవ వర్గం ఉప్పుటేరు మార్గాన సముద్రానికి, సరస్సుకు మధ్య రాకపోకలు సాగించేవి. పండుగప్ప, నీలకంఠ రొయ్య ఇందుకు ఉదాహరణలు. నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీటిలోనే అయినా దాని పిల్లదశకు కొంత ఉప్పదనం గల నీరు అవసరం. ఉప్పుటేరు మార్గం మూసుకుపోతే ఈ వర్గం సరస్సులో నిలువదు.

ఈ మూడు వర్గాల నిష్పత్తి నీటి స్థితికి సూచిక. రెండవ, మూడవ వర్గాల చేపలు తగ్గి, వలలో గాలిపీల్చు చేపలే అధికంగా పడుతున్నపుడు ఆ నీటిలో ప్రాణవాయువు కొరత ఉన్నదా, వలస మార్గాలు అడ్డగింపబడ్డాయా అని శాస్త్రజ్ఞులు పరిశీలిస్తారు. పట్టిన మొత్తం బరువును మాత్రమే నమోదు చేస్తే ఈ మార్పు కనిపించదు.

చెరువుల పెంపకం

1957లో కటకంలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, సహచరులు పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి కార్ప్ జాతి చేపలచే గ్రుడ్లు పెట్టించడంలో కృతకృత్యులైనారు. అంతవరకు చేపపిల్ల కొరకు నదులపై ఆధారపడిన పెంపకందారులకు హేచరీల ద్వారా పిల్ల లభించే మార్గం ఏర్పడినది. దేశంలో చేపల పెంపకం విస్తరించడానికి ఇది పునాది.

కొల్లేరులో 1976లో రాష్ట్ర ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చెరువుల నిమిత్తం భూములు కేటాయించినది. తరువాత ప్రైవేటు చెరువులు కూడా పెద్ద ఎత్తున వెలిసినవి. బొచ్చె, శీలావతి ప్రధానంగా పెంచి, మంచులో ప్యాక్ చేసి లారీలలో కోల్‌కతాకు, ఈశాన్య రాష్ట్రాలకు పంపే వ్యాపారం అభివృద్ధి చెందినది. కైకలూరు, ఆకివీడు, భీమవరం పరిసరాలలో మేత, మంచు, రవాణా, కూలి పనులపై ఆధారపడి వేలాది కుటుంబాలు జీవిస్తున్నవి. చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో ప్రథమ స్థానంలో నిలవడానికి ఈ ప్రాంతం తోడ్పాటు ఎంతో గలదు.

అయితే సరస్సు గర్భంలో వేసిన చెరువు గట్టు మూడు విధాల ప్రభావం చూపుతుంది. వరద నిలిచే స్థలాన్ని తగ్గిస్తుంది. ఉప్పుటేరు వైపు నీటి నడకను అడ్డుతుంది. సహజ చేపలు గ్రుడ్లు పెట్టే అంచు ప్రాంతాలకు చేరకుండా చేస్తుంది. కోళ్ళ పెంట, మేత అవశేషాలతో కూడిన చెరువు నీటిని పట్టుబడి సమయంలో బయటకు వదిలినపుడు అది చివరకు సరస్సుకే చేరుతుంది.

ఉపగ్రహ చిత్రాల ఆధారం

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు, సహచరులు 2001 ఫిబ్రవరి 10న భారత దూరసంవేదన ఉపగ్రహం తీసిన చిత్రాలను విశ్లేషించి, ఫలితాలను 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ప్రకటించారు. వారు పరిశీలించిన 245 చదరపు కిలోమీటర్ల సరస్సు విస్తీర్ణంలో సుమారు 42 శాతం చేపల చెరువులుగా, 8.5 శాతం వ్యవసాయ భూమిగా మారినట్లు తేలినది. మిగిలిన భాగం కలుపు మొక్కలతో నిండి, స్వచ్ఛమైన నీటి ఉపరితలం కనిపించలేదని వారు పేర్కొన్నారు.

ఇందులోని చివరి అంశం మత్స్యసంపద దృష్ట్యా ప్రధానమైనది. గుర్రపుడెక్క నీటిపై పరచుకొన్నపుడు సూర్యరశ్మి లోనికి సోకదు. నీటిలోని సూక్ష్మ వృక్షజాతి ప్రాణవాయువును తయారు చేయలేదు. మొక్కలు చచ్చి అడుగున కుళ్ళినపుడు ఉన్న ప్రాణవాయువు కూడా ఖర్చవుతుంది. ఎరువుల నుంచి, మురుగు నుంచి వచ్చే నత్రజని, భాస్వరం ఈ కలుపుకు బలాన్నిస్తాయి.

నీటి నాణ్యత: కొలతలు, వాటి అర్థం

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీటిని వినియోగాన్ని బట్టి వర్గీకరించినది. వన్యప్రాణులు, చేపల అభివృద్ధికి తగిన నీరు 'డి' తరగతి క్రిందకు వస్తుంది. ఇందులో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు. ఉదజని సూచిక 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. స్వేచ్ఛా అమ్మోనియా లీటరుకు 1.2 మిల్లీగ్రాములు మించరాదు.

ఈ కొలతలను చదివేటపుడు నమూనా తీసిన వేళను తప్పక గమనించాలి. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద మంచినీరు గాలి నుంచి ఇముడ్చుకొనగల ప్రాణవాయువు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. నాచు అధికంగా గల నీటిలో పగలు కిరణజన్య సంయోగక్రియ వలన ప్రాణవాయువు పెరుగుతుంది. రాత్రి చేపలతో పాటు నాచు కూడా దానిని వినియోగించుకొంటుంది. తెల్లవారుజామున అది అతి తక్కువ స్థాయికి చేరుతుంది. చేపలు నీటిపైకి తేలి నోరు తెరిచే దృశ్యం ఆ వేళలోనే కానవస్తుంది. మధ్యాహ్నం తీసిన ఒక్క నమూనాను బట్టి నీరు చేపలకు అనుకూలమని నిర్ణయించడం సరికాదు.

అమ్మోనియా విషయం కూడా ఇటువంటిదే. నీటి క్షారగుణం పెరిగిన కొలదీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. ఎండవేళ నాచు గల నీటిలో క్షారగుణం పెరుగుతుంది కనుక ఒకే పరిమాణంలోని అమ్మోనియా ఉదయం కంటె మధ్యాహ్నం అధిక హాని చేయవచ్చు.

మూడవ అంశం ఉప్పదనం. వేసవిలో సరస్సు నీటిమట్టం పడిపోయినపుడు పోటు సమయంలో సముద్రపు నీరు ఉప్పుటేరు ద్వారా ఎగువకు వస్తుంది. దీని వలన మంచినీటి చేపలకు, తాగునీటికి, ఆయకట్టు భూములకు ఇబ్బంది కలుగుతుంది. ఉప్పుటేరుపై రెగ్యులేటర్ల ప్రతిపాదన చాలాకాలంగా చర్చలో ఉండటానికి ఇదే కారణం. అయితే సముద్రం నుంచి వచ్చే చేపలకు, రొయ్యలకు దారి మిగిలేటట్లు అటువంటి కట్టడాల నిర్వహణ ఉండవలసిన అవసరం గలదు.

చేపల శరీరంలో అవశేషాలు

నీటిలో అతి స్వల్ప పరిమాణంలో గల రసాయనాలు చేప శరీరంలో పోగుపడతాయి. అమరనేని శ్రీనివాసరావు, సహచరులు 2001లో 'ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీ' పత్రికలో ప్రచురించిన పరిశోధనలో కొల్లేటి చేపల కణజాలంలో గల పురుగుమందుల అవశేషాలను పరిశీలించారు. పరీక్షకు కొర్రమీనును, బొచ్చెను ఎన్నుకొన్నారు. ఈ రెండు చేపల ఆహారపు అలవాట్లు వేరు. కొర్రమీను ఇతర చేపలను తిని బ్రతుకుతుంది. బొచ్చె నీటి పైపొరలలోని సూక్ష్మజీవులను ఆహారంగా తీసుకొంటుంది. కావున ఆహార గొలుసులోని వేర్వేరు మెట్ల వద్ద కాలుష్యాన్ని గమనించడానికి ఇటువంటి ఎంపిక ఉపకరిస్తుంది.

కె. చంద్రశేఖర్, సహచరులు కొల్లేటి అడుగు మట్టిలో చేరిన భారలోహాలు ఏయే రూపాలలో ఉన్నవో, అవి తినదగిన చేపలలోకి ఏ మేరకు చేరుతున్నవో పరిశోధించి, ఫలితాలను 'ఎన్విరాన్‌మెంట్ ఇంటర్నేషనల్' పత్రికలో ప్రకటించారు. మట్టిలో గట్టిగా బంధింపబడిన లోహం కంటె, తేలికగా నీటిలోకి విడుదల కాగల రూపంలోని లోహం జీవులకు అధిక ప్రమాదకరం. కావున పైనుంచి వచ్చే కాలుష్యాన్ని ఆపినప్పటికీ, అడుగు మట్టిలో అదివరకే చేరిన లోహం కొంతకాలం తన ప్రభావం చూపగలదు.

వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని 1989లోను, ఎండోసల్ఫాన్‌ను 2011లోను నిషేధించారు. 2001 నాటి ఫలితాలను నేటి స్థితిగా పేర్కొనడం సరికాదు. నిషేధం అమలులోకి వచ్చినంత మాత్రాన అవశేషాలు తొలగిపోయినవని భావించడం కూడా సరికాదు. తాజా పరీక్షలు మాత్రమే ఈ ప్రశ్నకు సమాధానమివ్వగలవు.

వ్యాధులు, పరాయి జాతులు

1988లో మనదేశంలో ప్రవేశించిన పుండ్ల వ్యాధి తరువాతి సంవత్సరాలలో అనేక రాష్ట్రాల మంచినీటి వనరులకు వ్యాపించినది. ఎఫనోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పోలిన జీవి దీనికి కారణమని నిర్ధారణ అయినది. ప్రాణవాయువు కొరతను తట్టుకొనగల కొర్రమీను జాతి ఈ వ్యాధికి మాత్రం తేలికగా లోనవుతుంది. గట్టిదని పేరు గల చేప కూడా అన్ని ఒత్తిళ్ళను తట్టుకొనలేదని ఇది తెలుపుతున్నది.

తన కంటె చిన్న చేపలన్నింటినీ తినే ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని దేశంలో 2000లో నిషేధించారు. వరద సమయంలో చెరువు గట్లు తెగినపుడు పెంపకపు చేపలు సరస్సులో కలుస్తాయి. అందువలన సరస్సు వేటలో చిక్కిన ప్రతి చేపను సహజ సంతతిగా లెక్కించడానికి వీలులేదు.

చట్టపరమైన చర్యలు

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 క్రింద 5 అడుగుల కాంటూరు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందినది. ఈ గుర్తింపు 90,100 హెక్టార్లకు వర్తిస్తుంది. సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట అభయారణ్యం లోపలి చెరువుల గట్లను తొలగించారు.

అభయారణ్యాన్ని 3 అడుగుల కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. ఈ అంశాన్ని పరిశీలించిన పి.ఎ. అజీజ్ నేతృత్వంలోని నిపుణుల సంఘం కుదింపును 2011 నివేదికలో సమర్థించలేదు. అభయారణ్యం లోపలి జిరాయితీ భూముల యజమానుల సమస్య, చెరువులు కోల్పోయిన మత్స్యకార సంఘాల జీవనోపాధి సమస్య ఈ వివాదంలో ముఖ్యమైనవి. కుదింపు వలన లభించే భూమికి విలువ కట్టేటపుడు, లోతు తక్కువ గల ఆ అంచు ప్రాంతమే చేపలు గ్రుడ్లు పెట్టే స్థలమన్న విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకొనవలసి ఉంటుంది.

సంతతిని లెక్కించే విధానం: గోదావరి, చిల్కా అనుభవాలు

చేపల సంతతిని అంచనా వేయడానికి ఒక్క సంవత్సరపు లెక్క చాలదు. ఇందుకు గోదావరి పులసపై జరిగిన అధ్యయనం చక్కని ఉదాహరణ. సముద్రంలో విలసగా పిలువబడే ఈ చేప వరద కాలంలో గోదావరిని ఎదురెక్కి పులసగా పేరు పొందుతుంది. 1963 నుంచి 1967 వరకు ఐదు సంవత్సరాల గోదావరి పులస సంతతి లక్షణాలను డాక్టర్ టి. రాజ్యలక్ష్మి పరిశీలించి 1973లో 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్'లో ప్రకటించారు. వరుస సంవత్సరాల సమాచారం ఉన్నపుడే ఒక ఏడాది వేట తగ్గుదల వరద లోపం వలన కలిగినదా, సంతతి క్షీణించడం వలన కలిగినదా అన్నది తెలుస్తుంది.

ఒడిశాలోని చిల్కా ఉప్పునీటి, మంచినీటి కలయిక గల సరస్సు అయినందున కొల్లేరుతో పూర్తిగా పోల్చదగినది కాదు. అయినప్పటికీ దాని నిర్వహణ విధానం గమనించదగినది. 1991లో ఏర్పడిన చిల్కా అభివృద్ధి సంస్థ, పూడిక వలన సముద్రంతో సంబంధం బలహీనపడిన సరస్సుకు 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచినది. అనంతరం చేపల వేట పెరిగినది. ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి 2002లో చిల్కాను తొలగించారు. నీటిని, చేపలను, వాటిపై ఆధారపడిన మత్స్యకారులను కలిపి ఒకే సంస్థ పర్యవేక్షించడం ఆ ఫలితానికి దోహదం చేసినది.

గమనించవలసిన అంశాలు

కొల్లేరుపై వార్తలు, నివేదికలు రూపొందించే సందర్భంలో క్రింది అంశాలను దృష్టిలో ఉంచుకొనుట ఉపయోగకరం.

1. చేపల దిగుబడి అంకెలు చెరువులవా, సరస్సు వేటవా అన్నది విడిగా పేర్కొనాలి.

2. సరస్సు వేటను మొత్తం బరువుగా గాక, జాతుల వారీగా నమోదు చేయాలి.

3. నీటి నాణ్యత ఫలితంతో పాటు నమూనా తీసిన స్థలం, నెల, వేళ తెలపాలి. వాగు ముఖద్వారం వద్ద, సరస్సు నడుమ, పెదయడ్లగాడి వద్ద తీసిన నమూనాలు ఒకే రీతిగా ఉండవు.

4. విస్తీర్ణం చెప్పేటపుడు కాంటూరును, జిల్లా లెక్కలు చెప్పేటపుడు 2022కు ముందువా, తరువాతవా అన్నదానిని సూచించాలి.

5. పాత పరిశోధన ఫలితాలను వాటి సంవత్సరంతో సహా ఉదహరించాలి.

దోనెలపై తిరిగి మావులు పెట్టి, వలలు వేసి జీవించే కొల్లేటి మత్స్యకారులకు ఏ జాతి ఏ నెలలో, ఏ మడుగులో దొరికేదో, ఏది దొరకడం మానినదో తరతరాలుగా తెలిసిన విషయం. ఆ పరిజ్ఞానాన్ని శాస్త్రీయ నమోదుతో జోడించడం సాధ్యమే. చెరువుల దిగుబడిని మార్కెట్టు యార్డు లారీల లెక్క తెలుపుతుంది. సరస్సు చేపల స్థితిని తెలుసుకొనడానికి మాత్రం సరస్సులోనే, ఏటేటా, జాతుల వారీగా లెక్క తీయడం మినహా మరొక మార్గం లేదు.